చీపురు పట్టం

సమ్మెలో మిల్లు గేటు ముందు బైఠాయించినందుకు మా ఆరుగురినీ రిమాండుకి పంపారు. సబ్‌జైల్లో వార్డరు జగన్నాధం ఒక్కొక్కరినీ నిలబెట్టి ఊరడిగాడు, తండ్రి పేరడిగాడు, కులమడిగాడు.

ఎల్లాజీ వంతు వచ్చింది.

"రెల్లి," అన్నాడు ఎల్లాజీ.

జగన్నాధం తలెత్తకుండానే మూలనున్న చీపురు, బకెట్టు చూపించాడు. "రేపట్నించి మరుగుదొడ్లు నీయి."

ఎల్లాజీ జూట్ మిల్లులో మగ్గం నడిపే మనిషి. వాళ్ల రెల్లి వీధిలో తరతరాలుగా పట్టిన చీపురు వదిలి మిల్లు గేటు దాటిన మొదటివాడు. మర్నాడు పొద్దున్న మేము టీ గ్లాసులు పట్టుకుని వరసలో నిలబడి ఉంటే, అతను వంగి జైలంతా వాడిన దొడ్లు కడిగాడు. ఆ పూట అన్నం ముట్టలేదు.

"నాల్రోజులు ఓర్సుకో ఎల్లాజీ. బెయిలొస్తాది," అన్నాడు సోములు. రైతుల ఇంటి మనిషి, మాలో పెద్దవాడు.

"ఓర్సుకోమనీడానికి నీకేటి మావా? సీపురు నీ సేతిలో లేదు కదా."

సమ్మె మొదలైన దగ్గర్నించీ అందరం అలిసిపోయి ఉన్నాం. మాట్లాడితే పోట్లాటవుతుందని ఊరుకున్నాం.

ములాఖత్‌కి మా లాయరు ఝాన్సీ వచ్చింది. విషయం విని ఆమె మొహం ఎర్రబడింది. "కులం సూసి జైల్లో పని సెప్పకూడదని సుప్రీంకోర్టు తీర్పిచ్చేసింది. జైలు రూల్సు మార్సుకోమంది. అయినా రిమాండులో ఉన్నోళ్లసేత ఈ పని ఎలా సేయిస్తారు?"

ఆ మాటే మేమంతా కలిసి వెళ్లి జైలరుకి చెప్పాం. ఆయన కోప్పడలేదు. ఆయనా అలిసిపోయినట్టే ఉన్నాడు.

"తీర్పులు ఢిల్లీలో వస్తాయి. నాకిక్కడ స్వీపరు పోస్టే లేదు. చట్టం మారితే మరుగుదొడ్డి తనంతట తను కడుక్కుంటుందా?"

బ్యారక్‌కి వచ్చాక సోములు అన్నాడు, "వంతులేసుకుందాం. రోజుకొకలం సేద్దాం. ముందు నానే సేస్తాను."

"వంతులేటి మావా?" ఎల్లాజీ గొంతు పైకి లేవలేదు. "అలా సేస్తే సర్కారుకి సుఖం. పోస్టు వెయ్యక్కర్లేదు, జీతమియ్యక్కర్లేదు. రేపు మనం బెయిలు మీద ఎల్లిపోతాం. తరవాత మావోడు ఇంకొకడొస్తాడు. ఆడి సేతికే సీపురిస్తారు."

ఆ మధ్యాహ్నమంతా వాదించుకున్నాం. చివరికి ఎవ్వరం చీపురు ముట్టకూడదని తేల్చుకున్నాం.

రెండోరోజుకే కంపు. ఈగలు అన్నం మీద వాలాయి. దొంగతనం కేసులో ఉన్న ధనరాజు ఎల్లాజీ మీదికి దూకాడు. "నీ రోషానికి మాం సావాలేటి?"

సోములు లేచి మధ్యలో నిలబడ్డాడు. "ఆడి రోషం గాదురా. ఇది మనందరి కంపు."

ధనరాజు తిట్టుకుంటూ వెళ్లి గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

జైలరు మున్సిపాలిటీ కాంట్రాక్టరుకి కబురు పెట్టి దేవి అనే స్వీపరుని రప్పించాడు. ఆమెది ఎల్లాజీ వీధే. అప్పుడు నేను ములాఖత్ కిటికీ దగ్గరున్నాను. గేటు బయట మిల్లు ఆడవాళ్లతో ఎల్లాజీ భార్య నారాయణమ్మ ధర్నాకి కూర్చుని ఉంది.

"ఒసే దేవీ! మీ మావ సెయ్యనన్న పనికే నిన్ను తెచ్చినారే."

"సెయ్యకపోతే నా పని పోతాది అత్తా."

నారాయణమ్మ అబద్ధం చెప్పలేదు. "పోతాది," అంది.

దేవి గేటు దగ్గరున్న జైలరు వైపు తిరిగింది. "సేతులకి గ్లౌజులివ్వండి. కాళ్లకి బూట్లివ్వండి. ఉత్త సేతుల్తో సెయ్యను."

"రేపు చూద్దాం. ముందు కానియ్యి."

"అయితే రేపే వస్తాను," అని వచ్చి నారాయణమ్మ పక్కన కూర్చుంది.

సాయంత్రానికల్లా కాంట్రాక్టరు ఆమెని పనిలోంచి తీసేశాడు. తెల్లారేసరికి పట్టణంలో ఒక్క వీధిలోనూ చెత్త లేవలేదు. మున్సిపల్ కార్మికులంతా జైలు గేటు ముందుకొచ్చి కూర్చున్నారు.

మిగతా ఖైదీలను రెచ్చగొడుతున్నాడని చెప్పి ఎల్లాజీని దూరపు జైలుకి మార్చారు. వ్యానెక్కే ముందు అతను కిటికీ దగ్గర గుమిగూడిన మా వైపు చూశాడు. నినాదం ఇచ్చే ఓపిక లేదు. చెయ్యి మాత్రం ఎత్తాడు. ఆడవాళ్లు వ్యాను చక్రాల ముందు పడుకున్నారు. పోలీసులు జుట్టు పట్టి ఈడ్చారు. నారాయణమ్మ రవిక చిరిగింది. వ్యాను వెళ్లిపోయింది. ఆడవాళ్లు లేచి, దుమ్ము దులుపుకుని, మళ్లీ గేటు ముందే కూర్చున్నారు.

జైలరు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని బ్యారక్‌లోకి వచ్చాడు. "రెచ్చగొట్టినవాడు పోయాడు. ఇక ఎవరు చేస్తారో లేవండి."

గోడవైపు పడుకున్న ధనరాజు ఇటు తిరిగాడు. లేచి కూర్చుని, సోములు పక్కకి జరిగాడు.

"ఎవలమూ సెయ్యం," అన్నాడు.

జైలరు మా మొహాలు ఒక్కొక్కటీ చూసుకుంటూ వెళ్లాడు. ఎవ్వరం లేవలేదు.