తెల్లగోడ ముందు

పెయింటరు గోడ గోకుతుంటే రాలే పొడి బట్టల మీద పడకుండా, ఆమె కుట్టుమిషనును గుమ్మం దాకా ఈడ్చుకుని కూర్చుంది. ఒడిలో ఎవరిదో కోటు. నడుం దగ్గర కుట్లు విప్పి వదులు చెయ్యాలి. లావెక్కినవాళ్లు కోటుదే తప్పన్నట్టు మాట్లాడతారు. అసలు పేరేదైనా, ఆ వీధిలో అందరికీ ఆమె టైలరమ్మే.

ఓనరమ్మ ముందుగా ఒక్క మాటైనా చెప్పలేదు. పొద్దున్నే నిచ్చెన భుజాన వేసుకుని పెయింటరు దిగాడు. గోడలు చెమ్మెక్కుతున్నాయి, సున్నమైనా వేయించండని అడిగి అడిగి నోరు నొప్పెట్టి టైలరమ్మ ఎప్పుడో మానేసింది. ఇప్పుడు అడక్కుండానే వరం దొరికింది. అందుకే గొణగకుండా సామానంతా గది మధ్యకు లాగింది. పెట్టెల మీద పరుపు, పరుపు మీద గిన్నెలు. అత్తగారి మంచాన్ని వంటగదిలోకి జరిపింది.

"నన్నెక్కడైనా పెట్టండి గానీ, నాకు కూడా రంగు పులిమేయకండి," అంది ముసలావిడ. పెయింటరు నిచ్చెన మీంచే నవ్వాడు.

కొడుకు పోయాక ఆ ఇంట్లో అత్తాకోడళ్లే మిగిలారు. పెద్దావిడకు చూపు మసకబారి చాలాకాలమైంది. ముదురు ఆకుపచ్చ గోడలు, వాటి మీద పొగ మసి. ఆ చీకట్లో కోడలు ఆమెకు ఒక అలికిడి, అంతే. టైలరమ్మ రోజంతా ఒకరి భుజాలు, ఇంకొకరి నడుము కొలుస్తూనే ఉంటుంది. తనకేసి చూసేవాళ్లు మాత్రం లేరు. కొలతలిచ్చేవాళ్లు అద్దంలో తమనే చూసుకుంటారు. భర్త ఉన్నరోజుల్లో పని నుంచి రాగానే గుమ్మంలో ఆగి, ఏమీ అనకుండా ఆమెను ఓసారి చూసి లోపలికొచ్చేవాడు. ఆ చూపు కోసం ఇప్పటికీ ప్రాణం కొట్టుకుంటుంది.

మధ్యాహ్నం దాటేసరికి ముందుగది తెల్లబడింది. గోడ ఆరాక మంచాన్ని మళ్లీ దాని చోటికి చేర్చి, టైలరమ్మ కోటు దులుపుతూ గోడ ముందు నిలబడింది.

"కాస్త పక్కకి తిరుగు," అంది అత్తగారు.

ఎందుకో తెలియకపోయినా తిరిగింది.

"ఇంతలా చిక్కిపోయావేంటే? జడ కూడా సన్నబడిపోయింది."

టైలరమ్మ కదల్లేదు. కదిలితే ఆ చూపు ఎక్కడ తప్పిపోతుందోనని భయం. "నేను కనిపిస్తున్నానా అత్తయ్యా?"

"ముఖం తెలీట్లేదు. మనిషి తెలుస్తోంది. ఆ భుజం ఎందుకట్లా వాలిపోయింది?"

మిషను మీద వంగి వంగి అని చెప్పబోయింది. ఆ మాట మానేసి భుజం సర్దుకుని నిటారుగా నిలబడింది. ఆ తర్వాత పనున్నా లేకపోయినా గోడ ముందు అటూ ఇటూ తిరిగింది. ముసలావిడ తల ఆమె వెంటే తిరిగింది. కోటు కుట్టడం సాగలేదు.

సాయంత్రం ఓనరమ్మ వచ్చి గోడలు చూసి మురిసిపోయింది. తన చెల్లెలి సంసారం ఇందులో దిగబోతోందనీ, నెలాఖరుకల్లా వేరే ఇల్లు చూసుకోమనీ మెత్తగానే చెప్పింది. టైలరమ్మ ఎన్నడూ లేనిది బతిమాలింది.

"ఈ గోడ ముందు నిలబడితేనే నేను మా అత్తయ్యకి కనిపిస్తున్నానండీ."

ఓనరమ్మకు ఆ మాట అర్థం కాలేదు. వెళ్లే ఇంట్లో కూడా గోడలుంటాయి కదా అంది.

ఉన్నాయి. ముదురు నీలం గోడలు. రంగు మార్చడానికి ఆ ఇంటాయన ససేమిరా అన్నాడు. మేకులు మాత్రం కొట్టుకోనిచ్చాడు. టైలరమ్మ పనిలో మిగిలిన తెల్ల లైనింగు ముక్కలన్నీ ఏరి, ఒకదానికొకటి అతికి కుట్టి, మంచానికి ఎదురుగా పైనుంచి కిందిదాకా వేలాడదీసింది. రోజూ మిషను దగ్గర్నుంచి లేచాక దాని ముందు నిలబడేది. అత్తగారు తేరిపార చూసి, అన్నం తిన్నావా అనో, మళ్లీ దగ్గుతున్నావేంటనో అడిగేది. కొన్నాళ్లు అలా గడిచాయి.

ఒకరోజు పొద్దున, "ఈవేళ కాస్త తేరుకున్నట్టున్నావే," అని, పెద్దావిడ ఆ తెల్లగుడ్డ వైపు తిరిగే కళ్లు మూసుకుంది. అత్తగారు నిద్రపోయిందనుకుని టైలరమ్మ చాలాసేపు అక్కడే నిలబడి ఉంది.

పరామర్శకు వచ్చినవాళ్లంతా వెళ్లిపోయాక టైలరమ్మ అత్తగారి మంచం తీసేసింది. ఖాళీ అయిన గదిలో ముక్కలతికిన ఆ తెల్లగుడ్డ ఒక్కటే గోడకి వేలాడుతోంది. ఆమె రోజూ నిలబడే చోట దాని కింది అంచు కొద్దిగా మాసి ఉంది.