సూది వేయించిన ఆవు

ముత్తమ్మ కొట్టంలో పేడ ఎత్తుతుండగా వాకిట్లో బండి ఆగింది. గంప దించి, చేతులు కడుక్కుని తలుపు చాటుకు వెళ్లి నిలబడింది. పరాయి మగవాళ్లు వస్తే ఆ ఇంటి కోడలు నిలబడే చోటు అదే.

వచ్చింది పశువుల డాక్టరు. మిలిటరీ వచ్చి నైజాం రాజ్యం పోయిన మరుసటి ఎండాకాలం అది. మూసీ అవతలి ఊళ్లలో పశువులకు పెద్దరోగం తగిలింది. నోళ్లు పుండ్లుపడి, పారుకుని పారుకుని వారం తిరక్కుండా కూలిపోతున్నాయి. డాక్టరు మంచుగడ్డల పెట్టెలో మందు పెట్టుకుని సూర్యాపేట నుంచి ఊరూరా తిరుగుతున్నాడు.

మంచం మీద కూర్చున్న వీరేశం పెళ్లాం వైపు చూడకుండానే తేల్చేశాడు. "ఎడ్లకు వద్దు సారూ. సూదేస్తే జరమొస్తదట. ఇగ దుక్కి అదును పోతది."

"మరి ఆవుకు?"

వీరేశం నవ్వాడు. "దాని ముచ్చట నన్నడగకుండ్రి. అది మా ఇంటిదాని బిడ్డ. ఆమెనే అడుగుండ్రి."

ఏడేళ్ల కాపురంలో అతను ఆమెను అడగమన్న మొదటి సంగతి అది. అదీ నవ్వులాటకే.

ఆ ఆవు పేరు సుక్క. పుట్టిన మూడోనాడే తల్లి చచ్చిపోతే ముత్తమ్మ గంజిలో వేలు ముంచి నాకించి బతికించింది. అప్పటికి ఆమెకు రెండోసారి కడుపు పోయి నెల కూడా కాలేదు. పచ్చి బాలింతలా పడుకోవాల్సిన రోజుల్లో లేచి, దూడను ఒళ్లో వేసుకుని కూర్చునేది. పెరిగాక అది ఆమె బావికి వెళ్తే వెనకే వచ్చేది, చేనుకు వెళ్తే వెనకే వచ్చేది. ఇప్పుడది తొలిచూలు.

ముత్తమ్మ తలుపు చాటు నుంచే అడిగింది. "అది సూడిది సారూ, ఆరో నెల. ఏస్తే ఏమన్న అయితదా?"

డాక్టరు జవాబు వీరేశానికి చెప్పాడు. "జరం మాత్రం తప్పదు. సూడి పశువు ఈసుకపోయి కడుపు జారినా జారొచ్చు. అన్నిటికీ అయితదని కాదు, అసలే కాదని నేను చెప్పలేను. ఎయ్యకుంటే మాత్రం, రోగం గీ ఊళ్లెకొస్తే పదింట్ల రెండు మిగిల్తే గొప్ప."

"ఈనినంక ఏపిస్తే?"

"నేను మల్ల వచ్చేది దసరా దాటినంకనేనమ్మా."

ఈసారి అతను ఆమెకే చెప్పాడు.

ముత్తమ్మ తలుపు రెక్క పట్టుకుని నిలబడిపోయింది. వేయిస్తే దూడ పోవచ్చు, వేయించకపోతే తల్లీ దూడా ఇద్దరూ పోవచ్చు. రోగం రాకపోతే ఇద్దరూ బతుకుతారు. కానీ మూసీ ఎంత దూరం? పశువులు తాగేది ఆ నీళ్లే, మేసేది ఆ ఒడ్డునే. కడుపు పోవడమంటే ఏమిటో ఆ వాకిట్లో ఆమెకొక్కదానికే తెలుసు. ముందు నడుంలో సన్నగా మొదలై, తర్వాత కాళ్ల వెంట వెచ్చగా జారడం, ఆ మర్నాడే పొయ్యి దగ్గర కూర్చోవడం. తన చేత్తో దానికి అది తెచ్చిపెట్టాలా? పోనీ వద్దంటే, రేపు అది నోరు పుండై గంజి కూడా మింగలేకపోతే, ఆ కళ్లలోకి ఎట్లా చూడడం? దూడ పోయినా తల్లి ఉంటే మళ్లీ చూలు కడుతుంది. తనకెవరూ ఆ మాట చెప్పలేదు. సుక్కకు తను చెప్పగలదు.

"ఎయ్యుండ్రి," అంటూ ముత్తమ్మ వాకిట్లోకి వచ్చి, సుక్క మెడ చుట్టూ రెండు చేతులూ వేసి తనే పట్టుకుంది.

నాలుగోనాటికి జ్వరం తగిలింది. తొమ్మిదోనాడు పొద్దెక్కేసరికి సుక్క ఈసుకపోయింది. ఇంకా బొచ్చు మొలవని పెయ్యదూడ. ముత్తమ్మే ఎత్తింది, ముత్తమ్మే తవ్వి పూడ్చింది. మట్టి చేతులతో లోపలికి వస్తుంటే అత్త లింగమ్మ గడపలో కూర్చుని ఉంది.

"కడుపు నిలవని దాని చేతుల పెరిగినంక దాని కడుపు మాత్రం ఎట్ల నిలుస్తది?"

వీరేశం ఇంకోలా అన్నాడు. "ఒక్క మాట నీకిడిస్తే గింత జేసినవ్."

 సుక్క దూడను వెతుక్కుంటూ కొట్టమంతా వాసన చూస్తోంది. ముత్తమ్మ దానికి అడ్డంపడి, గంగడోలు నిమురుతూ, "మల్ల కడతవే, మల్ల కడతవ్," అంటూ ఉండిపోయింది.

ఆ అవకాశం ఇవ్వలేదు వీరేశం. ఈసుకపోయిన ఆవు ఇంటికి అచ్చిరాదన్నాడు, వచ్చే సంతకు తోలాలన్నాడు. సుక్క అతని వెంట నడవలేదు. కొడితే మొరాయించింది. చివరికి, "నువ్వు ముంగట నడువు, అదే వస్తది," అన్నాడు. తన బిడ్డను అమ్మడానికి సూర్యాపేట దాకా తనే దారి చూపించింది ముత్తమ్మ. కోదాడ రైతు ఒకడు బేరం చేశాడు. అతని బండి దాకా కూడా ఆమే నడవాల్సి వచ్చింది. సుక్క నమ్మకంగా వెనకే వచ్చింది. పలుపు బండికి కట్టాక ముత్తమ్మ పక్కకు తప్పుకుంది. వెనక్కి చూడలేదు. చూస్తే అడుగు పడేది కాదు.

శ్రావణంలో రోగం ఊళ్లోకి వచ్చింది. ఒకటే వారంలో ఎడ్లు రెండూ పోయాయి. పుండ్లకు పసుపు రాసిందీ, మలం ఎత్తిందీ, వాటి పక్కన కూర్చుని ఈగలు తోలిందీ ముత్తమ్మే. సుక్క ఈనవలసిన నెల కూడా అదే. సూది వేయించకుండా ఉంటే ఇద్దరూ ఇక్కడే పోయేవాళ్లని ఆమెకు అర్థమైంది. అయినా ఆ బొచ్చు లేని ఒంటి మెత్తదనం చేతుల్లోంచి పోలేదు.

తర్వాత బండి సైదయ్య కోదాడ నుంచి వస్తూ వాకిట్లో ఆగి చెప్పాడు. "మీ ఆవును కొన్నాయన మంద మందంతా ఖతమైందే వీరేశం. మీ సుక్క ఒక్కటే నిలబడ్డది. ఇప్పుడాయన దాన్ని అమ్మమంటే అమ్మడు."

 వీరేశం పెళ్లాం వైపు తిరిగాడు.

"ఎడ్లకు గూడ ఏపియ్యమని ఆనాడు గట్టిగ చెప్పొద్దా నువ్వు?"

ముత్తమ్మ చేతిలో బియ్యం చేట ఉంది. చెరగడం ఆపి అతని ముఖంలోకి చూసింది. నిజంగానే అడుగుతున్నాడు. అది చూశాక ఆమెకు కోపం కూడా రాలేదు. లోపల ఏదో చివరిది చల్లారిపోయినట్టయింది.

ఆ పైవారం అతను మిర్యాలగూడ నుంచి పెయ్యదూడనొకదాన్ని తోలుకొచ్చాడు. తల్లిపాలు మరిచీ మరవనిది. పలుపు ముత్తమ్మ చేతికి ఇవ్వబోయాడు.

"దీన్ని సాది పెద్దజెయ్యి. నీకు పసులంటే పానం గద."

దూడ మెడ చాచి ఆమె వేళ్లు నాకింది. ఆ గరుకు నాలుక తగలగానే ఒళ్లంతా కరిగిపోయింది. ఇంకొక్క క్షణం ఆగితే ఒళ్లోకి తీసుకునేదే. చెయ్యి వెనక్కి లాక్కుని కొంగులో చుట్టుకుంది.

"నేను సాదను."

"ఏమైంది?"

"సాదినన్ని దినాలు నాది. అమ్మేనాడు నీది. నాతోని కాదు."

 వీరేశం పలుపు పట్టుకుని వాకిలి మధ్యలో నిలబడిపోయాడు. దూడ అరవడం మొదలుపెట్టింది. ముత్తమ్మ అరుగు మీద కూర్చుని, గోడకు తల ఆనించి, చప్పుడు లేకుండా ఏడ్చింది.

కొంతసేపటికి అతను వచ్చి, చిన్నగా అడిగాడు. "గంజి ఏడ పెడ్తవ్?"

"పొయ్యెనక కుండల," అని చెప్పింది. చెప్పి, లేవకుండా కూర్చుంది.