లిడియా వదులుకోని వకాలత్తు

లిడియా పుట్టింది మదనపల్లెలో, మిషన్ ఆసుపత్రి క్వార్టర్సులో. తండ్రి జయరత్నం అక్కడ కాంపౌండరు. లా చదివాక పుంగనూరులో దేవరాజులు అనే పెద్ద వకీలు దగ్గర ఆరేళ్లు జూనియరుగా చేసింది. వాయిదా అడగడం మొదలు సాక్షి కళ్లలోకి చూడడం వరకు అన్నీ ఆయనే నేర్పాడు. మదనపల్లెలో సొంత ఆఫీసు పెట్టుకున్నప్పుడు మొదటి కక్షిదారును పంపించిందీ ఆయనే.

పోయిన జూలైలో కుప్పం పక్క పల్లె నుంచి రత్నమ్మ వచ్చింది. ఆమె కొడుకు హేమంత్ గ్రానైటు క్వారీలో చనిపోయాడు. తాగి గుంతలో పడ్డాడని క్వారీవాళ్లు కాగితాల్లో రాసుకున్నారు.

"నా బిడ్డ తాగడమ్మా. బండ పగలగొట్టే తూటా పేల్చేముందు విజిల్ గూడా ఊదలేదంట. ఈ మునిశేఖర్ కండ్లారా సూసినాడు" అంది రత్నమ్మ.

మునిశేఖర్ అదే క్వారీలో కూలి. భార్య లేదు. నాలుగేళ్ల కూతురు మునీశ్వరిని చంకనేసుకుని రత్నమ్మ వెంట వచ్చాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు వచ్చినా పిల్లను వదలకుండా తెచ్చాడు.

క్వారీ యజమాని ఉమాపతి మీద లిడియా కుప్పం కోర్టులో కేసు వేసింది. ఆ ఆదివారమే చర్చి పెద్ద క్రిస్టోఫర్ ఆమెను పక్కకు పిలిచాడు.

"ఉమాపతి మన బడికి గదులు కట్టిచ్చినాడు. కొంచెం సూసి నడుసుకో అమ్మా."

తర్వాతి వారం పాత కక్షిదారులు ముగ్గురు ఫైళ్లు తీసుకెళ్లిపోయారు. ఒక్కరూ తలెత్తి ఆమెను చూడలేదు.

విచారణకు రెండు రోజుల ముందు దేవరాజులు లిడియా ఇంటికొచ్చాడు. కాఫీ తాగి, జయరత్నం మోకాళ్ల నొప్పి గురించి అడిగి, నెమ్మదిగా అన్నాడు.

"ఉమాపతి తరపున నేనే వస్తాండాను. నువ్వు తప్పుకో అమ్మా. కుప్పం దారిలో పలమనేరు దాటితే అంతా అడివి. ఒంటరిగా కారులో పోతాంటావు. నాకు భయంగా ఉండాది."

ఆయన బెదిరిస్తున్నాడో, బతిమాలుతున్నాడో ఆమెకు అంతు పట్టలేదు. "కోర్టుకు వస్తాను సార్" అని మాత్రం అంది.

కుప్పం కోర్టు మెట్ల మీద రత్నమ్మ ఒక్కతే నిలబడి ఉంది. మునిశేఖర్‌ను నిన్ననే ఎవరో కారులో ఎక్కించుకుని పోయారట. పదకొండున్నరకు అతను ఉమాపతి మనుషుల వెంట వచ్చి బోనెక్కాడు. కొత్త చొక్కా వేసుకున్నాడు. చంకలో పిల్ల లేదు.

"హేమంత్ తాగి పడినాడు" అన్నాడు నేల చూస్తూ.

అడ్డప్రశ్నలు రాసుకున్న కాగితాన్ని లిడియా పక్కన పెట్టేసింది.

"మునీశ్వరి యాడుండాది, మునిశేఖర్?"

"వాళ్లకాడ ఉండాది తల్లీ" అంటూ అతను బోనులోనే కూలబడ్డాడు.

జడ్జి వెంటనే పోలీసులను పంపాడు. మూడు గంటలకు పిల్లను క్వారీ గెస్ట్ హౌసు నుంచి తెచ్చారు. కూతురిని పట్టుకునే మునిశేఖర్ మళ్లీ సాక్ష్యం చెప్పాడు. విజిల్ ఊదలేదని, హేమంత్ తాగలేదని.

బయట దేవరాజులు ఎదురొచ్చాడు. "పిల్ల సంగతి నాకు తెలీదమ్మా."

లిడియాకు నమ్మాలనిపించింది. అయినా ఫైలు చంకన పెట్టుకుని కారు వైపు నడిచింది.

పిల్లను ఎత్తుకెళ్లిన కేసులో ఉమాపతి పది రోజులకే బెయిలు మీద బయటికొచ్చాడు. క్వారీ కేసును లిడియా ఇంకా నడుపుతూనే ఉంది. మదనపల్లెలో ఆఫీసు ఖాళీ చెయ్యమని ఇంటి ఓనరు లక్ష్మీపతి ఫోను చేశాడు.

"యాలప్పా, కారణమేంది?" అని అడిగింది లిడియా.

"నీకు తెలీదా అమ్మా" అని అతను ఫోను పెట్టేశాడు.