ఆరింటికి కొట్టిన కార్డు

మా బాబాయి కుడి భుజం మీద పెట్టె పడింది పొద్దున పదకొండింటికి. ఆయన హాజరు కార్డు మాత్రం సాయంత్రం ఆరు దాకా పనిలోనే ఉన్నాడంటోంది. గొడవంతా అక్కడే!

బాబాయి గోదాములో పెట్టెలు దించుతాడు. అక్కడ ఒక అలవాటుంది. ఎవరైనా దెబ్బ తగిలి మధ్యలో వెళ్ళిపోతే, పాపం సగం రోజు పోతుందని, పక్కవాడు సాయంత్రం తన కార్డుతో పాటు వాళ్ళదీ హాజరు మిషన్లో కొట్టేస్తాడు. ఆ రోజు ఆ పుణ్యం కట్టుకున్నది బాబాయి జోడీ, నిచ్చెన. మనిషి అంత పొడుగు, అందుకే ఆ పేరు.

భుజంలో కండరం తెగింది. ఆరు వారాల్లో ఆపరేషన్ చేయకపోతే చెయ్యి ఇక పైకి లేవదని డాక్టరు తేల్చేశాడు. దానికి ఇన్సూరెన్స్ వాళ్ళు ఒప్పుకోవాలి. నాలుగు వారాలు ఉత్తరాలతోనే గడిచిపోయాయి. ఐదో వారం బాబాయి, నిచ్చెన, నేను ముగ్గురం వాళ్ళ ఆఫీసుకే వెళ్ళాం.

క్లెయిములు చూసే ఆవిడ కార్డు నకలు మా ముందుకు తోసింది.

"దెబ్బ తగిలిందన్న టైము తర్వాత ఏడు గంటలు పనిచేశారు. అంటే దెబ్బ ఆ తర్వాత బయటెక్కడో తగిలుండాలి."

"పన్నెండింటికల్లా ఆస్పత్రిలో ఉన్నానమ్మా. చీటీ ఉందిగా," అన్నాడు బాబాయి.

"చీటీ మీద తేదీ ఉంది. టైము లేదు."

నాకు ఒళ్ళు మండిపోతోంది. ఇంతలో నిచ్చెన లేచాడు.

"కార్డు నేను కొట్టానండీ."

బాబాయి అతని చొక్కా పట్టి లాగాడు. "నోర్ముయ్యరా! నీ ఉద్యోగం ఊడుతుంది."

"ఊడనీరా. నీ చెయ్యి పడిపోతే పెట్టెకి రెండో పక్క ఎవడు పట్టుకుంటాడు, మీ మావా?"

ఆవిడ అప్పుడు పెన్ను తీసింది. హమ్మయ్య అనుకున్నాను, పిచ్చిదాన్ని!

"అంటే, ఒకరి కార్డు ఒకరు కొడతారన్నమాట."

"దెబ్బ తగిలితేనేనండీ."

"మరి పొద్దున కార్డు కూడా మీరే కొట్టారేమో? ఆయన అసలు పనికొచ్చారని ఏంటి నమ్మకం?"

నేను నిచ్చెన వైపు వేలు చూపించాను.

"పెట్టె పడటం ఈయన కళ్ళారా చూశాడు మేడం!" అని అరిచాను.

"దొంగ కార్డు కొట్టినాయన సాక్ష్యమా? అప్పీలు పెట్టుకోండి. మూడు నెలల్లో పిలుస్తారు."

మూడు నెలలు! మాకున్నది రెండు వారాలు.

బాబాయి కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి, సామానులా బల్ల మీద పెట్టుకుని, అప్పీలు ఫారం మీద సంతకం చేశాడు. ఆవిడ ఆ ఫారంలోనే ఒక గడిలో ఏదో రాసింది.

"ఏం రాశారు?" అన్నాను.

"కుడిచేత్తో సంతకం పెట్టారని."

"ఎడమచేత్తో ఎత్తిపెట్టాడని కూడా రాయండమ్మా," అన్నాడు నిచ్చెన.

"దానికి గడి లేదు."

నిచ్చెన ఫారం లాక్కున్నాడు. అంచున వంకరటింకరగా ఒక గడి గీసి, అందులో ఆ మాట రాసి, ఆవిడ ముందు పెట్టాడు.

"ఇప్పుడుంది."

"పిచ్చిరాతలున్న ఫారం చెల్లదండీ," అంటూ ఆవిడ సొరుగులోంచి కొత్తది తీసింది.

బాబాయి కుడిచేతి కింద మళ్ళీ ఎడమచెయ్యి పెట్టాడు.