రెండోసారి వేసిన బ్రేకు

1986 వేసవిలో ఒక మధ్యాహ్నం సింహాచలం బొగ్గు గూడ్సు నడుపుకుంటూ బిలాస్‌పూర్ వస్తున్నాడు. ఇంజన్లో పక్కన అసిస్టెంటు గిరిబాబు. అరకిలోమీటరు వెనక, చివరి బ్రేకువ్యానులో గార్డు అప్పలస్వామి. సింహాచలం భార్య కనకానికి అతను సొంత తమ్ముడు.

ఊరి శివారులోని తోర్వా దగ్గరపడుతుండగా ఒక ముసలాయన నెత్తిన మూటతో పట్టాలెక్కాడు. హారన్ వినపడలేదు కాబోలు, తల తిప్పలేదు. సింహాచలం బ్రేకు వేశాడు.

ఇంజన్లో వేసిన బ్రేకు అంత పొడుగు బండికి ఒక్కసారే పట్టదు. పెట్టె తర్వాత పెట్టె పట్టుకుంటూ తోక దాకా పోవాలి. వదిలినా అంతే. వేసినా వదిలినా, అది చివరిదాకా చేరాకే మళ్లీ ముట్టుకోవాలని షెడ్డులో కొత్తవాళ్లకు చెప్పేది సింహాచలమే.

ముసలాయన దాటేశాడు. సింహాచలం ఊపిరి పీల్చుకుని బ్రేకు వదిలాడు.

"బాబాయ్, మళ్లీ వస్తన్నాడు!" గిరిబాబు అరిచాడు.

మూట పట్టాల మధ్య జారిపడింది. దానికోసం ముసలాయన వెనక్కి తిరిగాడు.

ఇప్పుడు వేస్తే వెనక ఏమవుతుందో సింహాచలానికి తెలుసు. వెయ్యకపోతే ఏమవుతుందో ఎదురుగా కనపడుతోంది. వేశాడు. ముందు పెట్టెలు బిగుసుకున్నాయి. అప్పుడే వదులైన వెనక పెట్టెలు వాటి మీదికి దూకాయి. ఆ మోత తోక దాకా పాకడం వింటూ కూర్చోవడం తప్ప అతను చెయ్యగలిగింది లేదు.

బండి ఆగింది. ముసలాయన మూట ఎత్తుకుని వెళ్లిపోయాడు. వెనక నుంచి పచ్చజెండా ఊగలేదు. హారన్ కొట్టినా ఊగలేదు. డ్రైవరు ఇంజన్ వదలకూడదు. గిరిబాబే పరిగెత్తాడు.

అప్పలస్వామి నడుం విరిగింది. కాళ్లు ఇక రావని డాక్టరు చెప్పాడు.

"ఏటయినాది బావా?" ఆసుపత్రి మంచం మీంచి అడిగాడు. "మొదటి కుదుపుకి రాడ్డు గట్టిగా పట్టుకున్నాను. నువ్వు వదిలినావని నేనూ ఇడిసీసినాను. మళ్లీ ఎందుకేసినావు?"

"మడిసి అడ్డొచ్చేడ్రా."

"బతికేడా?"

"బతికేడు."

"అచ్ఛా" అని కళ్లు మూసుకున్నాడు అప్పలస్వామి.

వరండాలో కనకం అడిగింది, "కాస్త ఆగి ఏస్తే సరిపోయీది కదా?"

"ఆగడానికి టైమేది? మడిసి చచ్చిపోయీవోడు."

"మరి ముందర, ఆ మడిసి పూర్తిగా ఎల్లిపోయేదాకా ఆగి వదలాల్సింది."

లోపల అప్పలస్వామి మంచినీళ్లు అడుగుతున్నాడు. కనకం లేచి వెళ్లింది. సింహాచలం గుమ్మం దాకా వెళ్లి అక్కడే నిలబడిపోయాడు.