లైవ్ అన్న ముక్క

మా అక్క పొరుగుదేశపు అల్లర్ల వార్తలు పంపే టీవీ విలేకరి. నేను అదే చానల్ కంట్రోల్ రూమ్‌లో ఆమె లైన్ కలిపే ఇంజనీర్ని. అక్క చెప్పే వార్తలతో అమ్మకి పనిలేదు. తెర మూలన ఎర్రగా ‘లైవ్’ అని ఉందా, కూతురు క్షేమం. అంతే, తన పనిలో తను పడిపోతుంది.

ఆ సాయంత్రం ప్రొడ్యూసర్ నన్ను పక్కకి జరగమన్నాడు.

"లైన్ నేనే కలిపేశానమ్మా. నువ్వు స్క్రీన్ మీద అక్షరాలు చూస్కో చాలు."

ఎన్నడూ లేనిది, కాఫీ కూడా తెచ్చిచ్చాడు. నాకు అక్కడే తేడా కొట్టింది.

యాంకర్ ప్రశ్న అడిగింది. అక్క టక్కున జవాబిచ్చింది.

టక్కునా? శాటిలైట్ లైన్లో మాట అటు చేరి ఇటు రావడానికి రెండు సెకన్లైనా పడుతుంది. ఆ కాసేపూ అక్క కీలుబొమ్మలా తలాడిస్తూ నిలబడుతుంది. ఇంట్లో నేను దాన్ని ఏడిపించేది ఆ తలూపుడు పట్టుకునే.

అంటే అక్క అసలు సరిహద్దే దాటలేదా? ఈ ఊళ్లోనే ఏ గదిలోనో వెనక ఓ తెర కట్టుకుని, మా అందరి చెవుల్లో పువ్వులు పెడుతోందా?

లైన్ మీటర్ వైపు చూశాను. అక్క గొంతు ఖంగుమంటోంది, మీటర్ మాత్రం కదలడం లేదు. అసలు లైనే తెరవలేదు.

"సార్, ఇది రికార్డింగా?"

"మెల్లగా, తల్లీ! పొద్దున పంపింది. యాంకర్ అడగ్గానే ఒక్కో ముక్కా వదులుతున్నాం."

"మరి అక్క ఎక్కడుంది?"

అతను నా మొహం చూడలేదు. "మధ్యాహ్నం నుంచి ఫోన్ కలవట్లేదు. సిగ్నల్ లేదేమో. ఎంబసీకి చెబుదామంటే, బులెటిన్ అయ్యాక చూద్దాం అన్నారు పైవాళ్లు."

తెర మీద నిక్షేపంలా మాట్లాడుతున్న మనిషిని ఎవరు వెతుకుతారు?

అమ్మ మెసేజ్ పెట్టింది: ‘అక్కని చూశాను. ఇప్పుడు కుదుటపడ్డాను.’

నా వేళ్లు కీబోర్డు మీదే ఉన్నాయి. ‘లైవ్’ తీసేశాను. ఆ చోట కొట్టాను: ‘ఉదయం రికార్డు చేసినది. మధ్యాహ్నం నుంచి మా విలేకరి ఆచూకీ తెలియడం లేదు.’

"ఏయ్! ఏం చేస్తున్నావ్? ఉద్యోగం చేసుకోవాలని లేదా?" ప్రొడ్యూసర్ కాఫీ ఒలకబోసుకుంటూ లేచాడు.

అప్పటికే నా ఫోన్ మోగుతోంది. అమ్మకి రెండు సెకన్లు కూడా పట్టలేదు.