ఏదోలా అంటే ఎలా?

పనిముట్లు తగిలించే పలకమీద ప్రతి వస్తువు చుట్టూ ఎర్రరంగుతో దాని ఆకారం గీసి ఉంటుంది. ఒక్కొక్కటీ తుడుస్తూ వచ్చిన మెకానిక్ చెయ్యి ఒక గీత దగ్గర ఆగిపోయింది. కాడ ఉన్న చిన్న అద్దం లేదు. నిన్న విమానం తోకలోకి దాన్ని దూర్చి, తోకను కదిలించే తీగలు చూశాడు. తిరిగి తగిలించాడో లేదో గుర్తు రావడంలేదు.

ఆ విమానం ఇప్పుడు గాల్లో ఉంది. అద్దం తీగల మధ్య ఇరుక్కుంటే అంతే సంగతులు. ఉద్యోగంలో ఆయనకిదే ఆఖరి రోజు.

రేడియోలో పైలట్ గొంతు గరగరలాడింది. "పెద్దాయనా, వెనకాల ఏదోలా చప్పుడవుతోంది."

"ఏదోలా అంటే ఎలా?"

"చప్పుడులాగే ఉంది మరి!"

'ఏదోలా' అన్న మాటంటే ఆయనకు ఒళ్లుమంట. గుండెల్లో ఏదోలా ఉందని భార్య చెబితే, ఎలా అని అడక్కుండానే డాక్టరు గ్యాస్ బిళ్ల రాసిచ్చాడు. వారం తిరక్కుండా ఆమె పోయింది. ఆ డాక్టరు ఎదురుపడితే ఈయన ఇప్పటికీ రోడ్డు దాటి అవతలికి పోతాడు.

"నోటితో చేసి వినిపించు బాబూ."

"అందరూ వింటున్నారండీ. నవ్వుతారు."

"నవ్వనీ. రేపు ఏడ్చేకంటే నయం."

రేడియో "టపటపటప" అంది.

"వేగం తగ్గించు. ఇప్పుడు?"

"టప... టప."

"చేతిలో నడిపే కర్ర ఎక్కడైనా పట్టేస్తోందా?"

"లేదండీ, వెన్నలా తిరుగుతోంది."

సగం ప్రాణం లేచొచ్చింది. అది బయట గాలికి కొట్టుకుంటున్న చప్పుడు. "మెల్లగా దించెయ్యి."

దిగాక చూస్తే, వెనక తలుపు సందులోంచి సీటుబెల్టు కొస బయటికి వేలాడుతోంది. దాని ఇనపబిళ్ల కొట్టి కొట్టి విమానం రంగు లేపేసింది. పైలట్ పగలబడి నవ్వాడు. పెద్దాయన నవ్వలేదు. తోక మూత విప్పడానికి వంగాడు.

"దొరికిందిగా, ఇంకేంటి?"

"నా అద్దం దొరకలేదు."

పైలట్ నవ్వు ఆగిపోయింది. జేబులోంచి అద్దం తీశాడు. "పొద్దున పన్ను నొప్పెడితే చూసుకుందామని... క్షమించండి."

"క్షమించను. చెప్పి తీసుకోవడానికి ఆ పన్నే అడ్డమొచ్చిందా?" అని లాక్కున్నాడు. కానీ గుండెలమీది కుంపటి దిగిపోయింది. రెక్కకు ఆనుకుని నిలబడ్డాడు. "నోరు తెరువు. ఏ పన్ను? ఎలా ఉంది నొప్పి?"

"ఏదో..." పైలట్ నాలిక కరుచుకున్నాడు. "చల్లనీళ్లు తగిలితే జివ్వుమంటోందండీ. ఎడమవైపు, చివరిది."

"డాక్టరుకీ అలాగే చెప్పు. వాడు అడక్కపోయినా చెప్పు."

సాయంత్రం ఆయన సంచీ భుజాన వేసుకుని, ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయాడు. పలకమీద, ఎర్రగీతలో అద్దం సరిగ్గా ఇమిడి ఉంది. ఒక అంచున పైలట్ వేలిముద్ర, తుడవకుండా.